తుకారాం వెతికిన టేబుల్

బొల్లారం దాటాక మేడ్చల్ రోడ్డు పక్కన సెలైన్ సీసాలు నిల్వ చేసే గోదాం ఒకటి ఉంది. అందులో తుకారాం, ఆలిస్ ఏళ్ళ తరబడి ఒకే టేబుల్‌కు చెరో పక్కన నిలబడి అట్టపెట్టెలు పేర్చేవాళ్ళు. తుకారాంది బొల్లారం బజారే. తండ్రి మిలటరీ వాళ్ళకు బట్టలు కుట్టేవాడు. కొడుకు చేతికి సూది నచ్చలేదు, బరువులు నచ్చాయి. ఆలిస్ మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చేది. ఆమె అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి మిషన్ స్కూల్లో ఆయాగా ఒకరు, వాచ్‌మన్‌గా ఒకరు కుదిరారు. ఆమె పుట్టిందీ పెరిగిందీ సికింద్రాబాదులోనే. భర్త పోయాక గోదాంలో చేరింది. చేరిన రోజునే తుకారాం ఆమెను చెల్లె అన్నాడు, ఆమె అన్నా అంది. ఆ తర్వాత ఆ పిలుపు మారలేదు.

వాళ్ళు పనిచేసేదాన్ని అందరూ స్ప్రింగ్ టేబుల్ అనేవాళ్ళు. దానికి కరెంటు లేదు, మోటారు లేదు. కత్తెరలా అడ్డంగా కలిసే ఇనుప కాళ్ళు, వాటి మధ్య మణికట్టంత లావు స్ప్రింగులు, పైన గుండ్రంగా తిరిగే చట్రం. చట్రం మీద చెక్క పాలెట్ వేసి పెట్టెలు పేరుస్తుంటే బరువుకు టేబుల్ దానంతటదే కుంగుతుంది. తీస్తుంటే దానంతటదే లేస్తుంది. చేతులు పెట్టే వరస ఎప్పుడూ నడుము ఎత్తులోనే ఉంటుంది కనుక ఎవరూ వంగే పని లేదు. ఇంట్లో బుచ్చమ్మ కన్నా ఈ టేబులే తన నడుము సంగతి బాగా చూసుకుంటుందని తుకారాం నవ్వేవాడు. బుచ్చమ్మ అతని భార్య.

స్ప్రింగులు ఒక్కసారిగా ఎగరకుండా ఆపడానికి మోటారు సైకిల్ షాకబ్జర్ లాంటిది ఒకటి లోపల ఉండేది. వేసవి మొదట్లో దాంట్లోంచి నూనె కారడం మొదలైంది. అప్పటినుంచి ఫోర్క్‌లిఫ్ట్ బండి నిండు పాలెట్‌ను ఎత్తుకోగానే టేబుల్ ధన్‌మని పైకి తన్నేది. సూపర్‌వైజర్ దయాకర్‌కు తుకారాం రెండు మూడుసార్లు చెప్పాడు. దయాకర్ చెడ్డవాడు కాదు. ఆ సామాను పుణె నుంచి రావాలనీ, ఆర్డర్ పెట్టాననీ, అందాకా జెర జాగ్రత్తగా ఉండమనీ అన్నాడు. ఎండలు ముదిరేసరికి దవాఖానల నుంచి సెలైన్ ఆర్డర్లు రెట్టింపయ్యాయి. టేబుల్ ఆపే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒక రాత్రి షిఫ్ట్‌లో టేబుల్ తన్నుడుకు ఒకతని చెయ్యి బెణికింది. అప్పుడు ఫిట్టర్ వెంకటేశ్వర్లు చేత దయాకర్ ఒక ఉపాయం చేయించాడు. నిండు బరువుతో టేబుల్ కిందికి కుంగి ఉన్నప్పుడు, కాళ్ళకు ఉన్న రంధ్రాల్లోంచి, చివరకు ఎర్ర రంగు పూసిన ఒక ఇనుప చువ్వ దూర్చడం. ఇక పాలెట్ తీసినా టేబుల్ లేవదు. కిందనే ఉండిపోతుంది. చువ్వను తీసేటప్పుడు మాత్రం అందరూ దూరం జరిగి పొడుగు పైపుతో కొట్టాలని వెంకటేశ్వర్లు ఆ షిఫ్ట్ వాళ్ళకు చెప్పాడు. పొద్దుటి షిఫ్ట్ వాళ్ళకు చెప్పడానికి అతను అక్కడ లేడు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

పొద్దున తుకారాం వచ్చేసరికి టేబుల్ మీద ఏమీ లేదు. అయినా కిందికి కుంగి ఉంది. అతనికి వింతగా అనిపించింది. కాళ్ళు కనబడకుండా చుట్టూ నల్ల రబ్బరు తెర ఉండేది. ఏదో పెట్టె ముక్క ఇరుక్కుని ఉంటుందనుకున్నాడు. ఆలిస్ చేతులకు గ్లౌజులు తొడుక్కుంటూ నాలుగడుగుల దూరంలో ఉంది.

"చెల్లె, ఇదేందే ఖాళీగ ఉండి సుత కిందనే ఉన్నది," అని తుకారాం వంగి, ఒక చేత్తో తెర ఎత్తి, ఇంకో చెయ్యి లోపలికి పెట్టాడు.

చువ్వ చివర ఒకవైపు వేలెడంతే దూరి ఉంది. తగిలిందో, లాగాడో ఎవరికీ తెలియదు. ఇనుము ఇనుముకు కొట్టుకున్న చప్పుడు షెడ్డంతా మోగింది. ఆలిస్ తల ఎత్తేసరికి టేబుల్ తన మామూలు ఎత్తులో నిలబడి ఉంది. తుకారాం వెనక్కి పడి ఉన్నాడు. చట్రం అంచు అతని గడ్డం కిందనుంచి పైకి కొట్టింది. దవడ రెండుగా విరిగింది. ఎడమ కన్ను ఉన్న చోటును ఆలిస్ చూడలేకపోయింది. తన చున్నీ తీసి అక్కడ అదిమి పట్టుకుంది. ఆటోలో దవాఖాన దాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది. తుకారాం స్పృహలోనే ఉన్నాడు. దారంతా ఆమె మోచెయ్యి వదల్లేదు.

ఎడమ కన్ను పోయింది. దవడను తీగలతో కట్టారు. చాలా రోజులు ముక్కులోంచి గొట్టం వేసి పాలు, గంజి పోశారు. బుచ్చమ్మ ఇళ్ళలో వంట పని మానేసి దవాఖాన వరండాలో ఉండిపోయింది. ఆలిస్ షిఫ్ట్ దిగాక రోజూ వచ్చేది. గోదాం తరఫున దయాకర్ ఒకసారి పళ్ళు పట్టుకొని వచ్చాడు. ఆ పళ్ళు నమలడానికి అతనికి నోరు లేదన్న సంగతి అక్కడికి వచ్చాకే తోచినట్టుంది, సంచి మంచం కింద పెట్టి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత కంపెనీ మాట కంపెనీ చెప్పింది. తుకారాం కాంట్రాక్టర్ మనిషి, తమ మనిషి కాదంది. మిషన్ లోపల చెయ్యి పెట్టొద్దని గోడ మీద రాసి ఉండగా పెట్టాడంది. రాత్రి షిఫ్ట్ వాళ్ళ నోట ఆలిస్ విన్న చువ్వ అసలు లేనే లేదంది. కంపెనీ ఆ మాట అనేసరికి వెంకటేశ్వర్లు గోదాంలో లేడు. పని మాని ఊరికి పోయాడని కొందరు, పంపించేశారని కొందరు అన్నారు. టేబుల్ కూడా లేదు. ఒక పొద్దున ఆలిస్ పనికి వచ్చేసరికి దాని చోట నేల మీద నాలుగు బోల్టు గుంతలు మాత్రం ఉన్నాయి.

ఆ సంగతి ఆమె తుకారాంకు చెప్పకుండా ఉండాల్సింది. ఇంటికి వచ్చిన కొత్తలో, అతను తీగల మధ్యనుంచి మెల్లగా మాట్లాడటం నేర్చుకుంటున్న రోజుల్లో, టేబుల్ ఏం చేశారని అతనే అడిగాడు. అమ్మేసినట్టున్నారని ఆమె అంది. అతను లేచి కూర్చున్నాడు.

"బాగ చేసి అమ్మిన్రా?" అన్నాడు. మాటలు ముద్ద ముద్దగా వచ్చాయి. ఆలిస్ రెండోసారి అడిగించుకుంది.

బాగు చేసి ఉండరని ఆమెకు తెలుసు. పుణె నుంచి ఏ సామానూ రాలేదు. అబద్ధం చెప్పబోయింది గాని ఆ ఒంటి కన్ను ఆమెనే చూస్తోంది. లేదన్నా, అంది.

అప్పటినుంచి అతనికి అదే ధ్యాస. ఎవరి దగ్గరికి పోయిందో, ఎవరు పనిచేస్తున్నారో తెలుసుకోమని ఆమెను చూసినప్పుడల్లా అడిగేవాడు. బుచ్చమ్మకు అది పిచ్చిలా కనబడింది. కాని ఆలిస్‌కు అందులో ఇంకో దారి తోచింది. ఆమె వెళ్ళే చర్చిలోనే ఫెయిత్ అనే లాయరమ్మ ఉంది. తుకారాం తరఫున కేసు వేసింది ఆమే. టేబుల్ దొరికితే కంపెనీ నోరు మూయించవచ్చని ఫెయిత్ మొదటినుంచీ అంటోంది.

టేబుల్‌ను తీసుకెళ్ళిన వ్యాన్ డ్రైవర్‌ను పట్టుకుని ఆలిస్ రాణిగంజ్‌లో పాత మిషన్లు కొని అమ్మే దుకాణం కనుక్కుంది. దుకాణం వాడు మొదట ఎరగనన్నాడు. తాను కూడా అట్లాంటిది కొనాలనుకుంటున్నట్టు ఆమె మాట్లాడేసరికి, ఆఖరుది అల్వాల్‌లో నోటు పుస్తకాలు కుట్టే ప్రెస్ వాళ్ళు తీసుకుపోయారని చెప్పాడు.

తుకారాం తనూ వస్తానన్నాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఆమెతో బస్సెక్కాడు.

ప్రెస్ ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. బడులు తెరిచే కాలం. లోపల కాగితం దుమ్ము, జిగురు వాసన, కట్టలు కట్టలుగా పుస్తకాలు. కటింగ్ మిషన్ పక్కన టేబుల్ ఉంది. పసుపు రంగు చట్రానికి ఒకప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ తగిలి పడిన సొట్ట చూసి ఇద్దరూ ఒకేసారి గుర్తుపట్టారు. రబ్బరు తెర తీసేశారు. కాళ్ళ మధ్య చువ్వ కనబడుతోంది. దాని చివర వెంకటేశ్వర్లు పూసిన ఎర్ర రంగు కూడా ఉంది. దుకాణం వాడు చువ్వను కూడా టేబుల్ సామానే అనుకుని, ఎత్తు ఆపడానికని చెప్పి ఇచ్చాడట. కటింగ్ మిషన్ ఎత్తుకు సరిపోతుందని వాళ్ళు టేబుల్‌ను కిందనే కట్టేసి వాడుతున్నారు. పైన నాలుగు కట్టలున్నాయి. ఒకామె వాటి మీదికి పూర్తిగా వంగి, అవతలి కట్టను లాక్కుంటోంది. ఆమె గడ్డం సరిగ్గా చట్రం అంచుకు పైన ఉంది.

తుకారాం గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆ మనిషి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

ఆమె పేరు మాధురి. యజమాని పేరు ధర్మరాజు. యాభై దాటిన మనిషి, తనూ చొక్కా విప్పి పనివాళ్ళతో పాటు కట్టలు మోస్తున్నాడు. వీళ్ళు చందాకు వచ్చారనుకున్నాడు. ఆలిస్ జరిగింది చెప్పింది. చువ్వ చూపించింది. దాని మీద ఎంత బలం ఆగి ఉందో, అది జారితే ఏమవుతుందో చెప్పింది. ధర్మరాజు విన్నాడు గాని అతని చూపు చువ్వ మీద ఎక్కువసేపు నిలవలేదు. ఎన్నో రోజులుగా వాడుతున్నామనీ, ఏమీ కాలేదనీ, మీ కంపెనీతో మీకున్న పంచాయితీ తన షెడ్డులోకి తేవద్దనీ అన్నాడు. చివరికి, చూసుకుంటాంలే అమ్మా అని మిషన్ వైపు తిరిగాడు. ఆలిస్ ఫోన్‌లో ఫొటోలు తీస్తుంటే వద్దనలేదు. వాళ్ళు బయటికి వచ్చాక వెనక్కి చూస్తే మాధురి టేబుల్‌కు రెండడుగులు ఎడంగా నిలబడి, చెయ్యి మాత్రం చాచి కట్ట అందుకోవాలని చూస్తోంది. చెయ్యి అందక మళ్ళీ వంగింది.

ఫెయిత్ ఆ ఫొటోలు చూసి కుర్చీలోంచి లేచింది. ఆమె వయసు చిన్నది, ఈ కేసు ఆమెకు పెద్దది.

"అదే మన సాక్షి అంకుల్. చువ్వ, రంధ్రాలు, కారిన నూనె, అన్నీ అట్లనే ఉన్నయి. కోర్టు నుంచి మనిషిని పంపించి చూపిస్త. మూడు వారాలో నాలుగో పట్టొచ్చు. అప్పటిదాకా ఎవ్వరూ దాన్ని ముట్టుకోవద్దు," అంది.

"పని ఆపిస్తవా బిడ్డా?" అన్నాడు తుకారాం.

ఆపించలేనని ఆమె చెప్పింది. ఇప్పుడే నోటీసు పంపితే ఆ యజమాని భయపడి టేబుల్‌ను రాత్రికి రాత్రి మాయం చేస్తాడు. చప్పుడు చేయకుండా ఉండటమే మంచిది. మాట పూర్తయ్యేసరికి ఆమెకే ఆ మాట రుచించలేదు. బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్దింది.

ఇంట్లో బుచ్చమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆమెకు కేసు అంటే ఇంటి కిరాయి, కంటి డాక్టరు, ఇంకా చేయాల్సిన దవడ ఆపరేషను. ఆలిస్ ముందే మొగుడితో అంది.

"గీ నాలుగు వారాలు నువ్వు కళ్ళు మూసుకో. వాళ్ళకు చెప్పినవు, విన్లేదు. ఇగ నీ పాపం కాదది. నాకు చేతులున్నయి, చేసుకుంట. కానీ నువ్వు రేపు ఏం తిని బతుకుతవు? ఎవ్వరు ఇస్తరు నీకు పని?"

ఆమె గంజి గ్లాసు అందిస్తే తుకారాం తాగాడు. ఆమె చెప్పింది తప్పని ఆలిస్‌కు కూడా అనిపించలేదు. నిజానికి ఆమె ఆ వారమంతా బుచ్చమ్మ పక్షమే. గోదాంలో పెట్టెలు నేల మీదినుంచి ఎత్తి పేరుస్తుంటే నడుము పట్టేసేది. అట్లా వంగినప్పుడల్లా ఆ షెడ్డులో వంగిన మనిషి కళ్ళ ముందుకొచ్చేది. తల విదిలించుకుని మళ్ళీ పెట్టె ఎత్తేది.

ఆదివారం ఆమె చర్చికి బయలుదేరుతుంటే బుచ్చమ్మ ఫోన్ చేసింది. తుకారాం అల్వాల్ పోతానని చెప్పులు వేసుకుని కూర్చున్నాడట. తను ఎంత చెప్పినా వినడం లేదట. నువ్వైనా వచ్చి ఆపు అంది. ఆలిస్ వెళ్ళేసరికి భార్యాభర్తలిద్దరూ గుమ్మం దగ్గరే ఉన్నారు. బుచ్చమ్మ ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది.

"అన్నా, టేబుల్ ముట్టుకుంటే కేసు పోతది. ఫెయిత్ చెప్పింది కద," అంది ఆలిస్.

"తెల్సు," అన్నాడు. ఒక్కో మాట కూడగట్టుకుని, "అది ఆ పిల్లకు తగిలినంక నేను గెలిచి ఏం జేయాలె?" అన్నాడు.

బుచ్చమ్మ కూడా బస్సెక్కింది. ఆపడానికే వస్తున్నానని అంది.

సీజన్ కనుక ఆదివారం కూడా ప్రెస్ నడుస్తోంది. వాళ్ళను చూడగానే ధర్మరాజు విసుక్కున్నాడు. మళ్ళీ ఎందుకొచ్చారన్నాడు, పని పాడవుతోందన్నాడు, పోలీసులను పిలుస్తానన్నాడు. తుకారాం అతని మాటలన్నీ విన్నాడు. తర్వాత ముఖం మీది తువ్వాలు విప్పాడు. కన్ను లేని గుంత, అడ్డంగా అతుక్కున్న దవడ, పైపెదవి మీదినుంచి చెంప దాకా కుట్లు. మిషన్ దగ్గరున్న వాళ్ళు మిషన్ ఆపారు. మాధురి ఎక్కడున్నదక్కడే నిలబడిపోయింది. టేబుల్ మీద రెండే కట్టలున్నాయి. చువ్వ దాని చోటే ఉంది.

తుకారాం మాధురి నిలబడే చోటును వేలితో చూపించాడు.

"సేటూ, నువ్వు జెర ఆడ నిలబడు. నిలబడి ఆ కట్ట తియ్యి."

ధర్మరాజు ఆ చోటును చూశాడు. చువ్వను చూశాడు. ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేయలేదు. షెడ్డులో అందరూ అతన్నే చూస్తున్నారు. అయితే ఏం చేయమంటావన్నాడు. గొంతులో ఇందాకటి చిరాకు లేదు.

చేయాల్సింది తుకారాం చెప్పాడు. అతని మాటలు అర్థం కాని చోట ఆలిస్ మళ్ళీ చెప్పింది. ముందు ఆమె చువ్వను, కాళ్ళను, నేల మీది నూనె మరకను అన్ని వైపులనుంచి ఫొటోలు తీసింది. ఆ తర్వాత టేబుల్ మీద బరువు పెట్టడం మొదలైంది. కిందికి కట్టేసిన స్ప్రింగుల బలం ఎంతో అంత బరువు పైన పడాలి. అప్పుడు టేబుల్ ఇంకొంచెం కుంగి చువ్వ వదులవుతుంది. అంతవరకు దాన్ని ఎవరూ తాకకూడదు. ఎవరూ టేబుల్ మీదికి వంగకూడదు. కట్టలు చేతులతో పెట్టకుండా, పొడుగు చెక్క పలకను ఆనించి దాని మీదుగా తోయమన్నాడు. పని మెల్లగా సాగింది. బుచ్చమ్మ గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. మాధురి పలక మీదుగా కట్ట తోస్తుంటే పట్టు తప్పి అది పక్కకు ఒరిగింది. బుచ్చమ్మ చెంగు బొడ్లో దోపుకుని వచ్చి రెండోవైపు పట్టుకుంది. ఎవరి ముఖమూ చూడలేదు. ఇక అక్కడినుంచి చివరిదాకా ఆమె కట్టలు మోస్తూనే ఉంది.

కట్టలు మనిషి ఎత్తుకు చేరువవుతుండగా టేబుల్ ఒకసారి మూలిగి కాస్త దిగింది. చువ్వ రంధ్రంలో కదిలింది. తుకారాం అందరినీ గోడ దాకా జరిపించాడు. కాగితం రీళ్ళు లాగే పొడుగు కొక్కేన్ని తనే పట్టుకుని, పక్కనుంచి, చెయ్యి బాగా చాపి, చువ్వను లాగాడు. అది గణగణమంటూ నేల మీద పడింది. టేబుల్ కదల్లేదు. బరువు దాన్ని పట్టి ఉంచింది.

ఎక్కించినవన్నీ అదే పద్ధతిలో ఒక్కొక్కటే దించారు. దించిన కొద్దీ టేబుల్ కొంచెం కొంచెంగా లేచింది. ఆఖరి కట్ట తీసేసరికి దాని పూర్తి ఎత్తుకు వచ్చి నిలబడింది. ఇప్పుడు స్ప్రింగుల్లో బలం లేదు. అయినా వాటిని ఊరికే విప్పితే చట్రం కూలబడుతుందని తుకారాం కాళ్ళ మధ్య రెండువైపులా లావు కర్ర దిమ్మెలు పెట్టించాడు. ధర్మరాజు తనే వెళ్ళి వీధి చివరి వెల్డింగ్ షాపు అతన్ని పిలుచుకొచ్చాడు. అతను స్ప్రింగుల కొక్కేలు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఎన్నటికీ ఎవరూ మళ్ళీ తగిలించకుండా వాటిని గ్యాస్‌తో ముక్కలు కోశాడు. తుకారాం అది పూర్తయ్యేదాకా నిలబడి చూశాడు. తర్వాత నేల మీద కూర్చుండిపోయాడు. దవడ నొప్పికి తల పట్టుకున్నాడు. మాధురి నీళ్ళు తెచ్చింది. అతను గ్లాసు పెదవులకు ఆనించలేక చొక్కా తడుపుకుంటుంటే బుచ్చమ్మ గ్లాసు తీసుకుని మెల్లగా పట్టించింది.

ఫెయిత్ తుకారాంను ఏమీ అనలేదు. ఆలిస్‌ను మాత్రం పక్కకు పిలిచి, ఎందుకు పోనిచ్చావని అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత కేసులో ఆమె చేయగలిగినదంతా చేసింది. కాని చూపడానికి మిగిలినవి ఫొటోలే, వాటిలో ఒక టేబుల్ ఉంది, ఒక చువ్వ ఉంది. అది తమ టేబులే అనడానికి రుజువేమిటని కంపెనీ వకీలు అడిగాడు. రాణిగంజ్ దుకాణం వాడు బిల్లు లేదన్నాడు. ధర్మరాజు కోర్టుకు రానన్నాడు. వస్తే తనమీదికే వస్తుందని భయం. దయాకర్‌ను సాక్షిగా పిలిస్తే, చువ్వ సంగతి తనకు గుర్తు లేదన్నాడు. చెబుతున్నంతసేపూ అతను తుకారాం కూర్చున్న వైపు చూడలేదు. చివరికి రాజీ అన్నారు. వచ్చింది దవాఖాన అప్పులకే చాలలేదు. రెండో ఆపరేషను జరగలేదు.

వానాకాలం వెళ్ళేసరికి తుకారాం దవడ ఎముకలో చీము పట్టింది. జ్వరం వచ్చి పోతూ ఉండేది. ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని అడిగితే, పిల్లలు జడుసుకుంటారని వద్దన్నారు. బుచ్చమ్మ పొద్దున రెండిళ్ళలో, సాయంత్రం ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. వచ్చేసరికి చేతులకు ఉల్లి వాసన, కాళ్ళకు వాపు. గోదాంలోకి కొత్త టేబుల్ వచ్చింది. ఆలిస్‌ను దాని దగ్గర నిలబెట్టలేదు. కోర్టుకు తిరిగిందని లోడింగ్‌లో వేశారు. ఆమె నడుముకు బెల్టు కట్టుకుని పని చేస్తోంది.

ఆదివారాలు చర్చి నుంచి ఆమె బొల్లారం వచ్చి వాళ్ళింట్లో కాసేపు కూర్చుంటుంది. కార్తీకంలో ఒకరోజు మాధురి కూడా వచ్చింది. అల్వాల్ నుంచి ఎవరిని అడుగుతూ వచ్చిందో. రెండు కొత్త నోటు పుస్తకాలు తెచ్చి తుకారాం పక్కన పెట్టింది. ఇంట్లో రాసుకునే పిల్లలు లేరు. అది తెలిశాక ఇబ్బందిపడింది. ప్రెస్‌లో టేబుల్ లేక ఇప్పుడు అందరూ కట్టలు నేల మీదినుంచే ఎత్తుతున్నారనీ, తనకు నడుము నొప్పి పట్టుకుందనీ, మళ్ళీ అట్లాంటిది కొనమంటే సేటు వినడం లేదనీ చెప్పింది. చెప్పి, మీకు తక్లీఫ్ ఇచ్చినట్టయింది, నా వల్లనే కద అంది. తుకారాం తల అడ్డంగా ఊపాడు. అతనికి జ్వరంగా ఉంది.

ఆమె వెళ్ళాక బుచ్చమ్మ పొయ్యి మీద జావ కలుపుతూ, ఆలిస్‌కు మాత్రమే వినబడేట్టు అంది.

"తప్పు చేసిండని నేను ఎన్నడూ అనలే. ఇప్పుడు సుత అన. ఆ పిల్ల ముఖం చూస్తే ఎట్లంట? కానీ ఆలిసూ, పొద్దున లేచి ఆయన ముఖం తుడిచేది నేను. నాకు కోపమొస్తది. ఎవ్వరి మీదనో తెల్వదు."

ఆలిస్ ఆమె చేతిలోని గరిటె తీసుకుని జావ కలపసాగింది. అడుగంటకుండా మంట తగ్గించింది. బుచ్చమ్మ గిన్నె కడిగి తెచ్చి పక్కన పెట్టి, హాస్టల్‌కు వేళవుతోందని చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. తుకారాం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. జావ చల్లారాక ఆలిస్ అతన్ని లేపి, వీపు వెనక దిండు పెట్టి, చెంచాతో కొంచెం కొంచెంగా తాగించింది.